రోము కాసు మీది బొమ్మ చదవాలంటే

మాది బరంపురం. కాసులపేర్లు చేయడం నా పని. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు అప్పుడప్పుడు ఫోన్లో ఫొటో చూపించి "ఈ కాసు మీద ఉన్నదెవరు?" అని అడుగుతుంటారు. లక్ష్మీదేవి అయితే ఎవరైనా చెప్తారు. కానీ పాతకాలపు రోము బంగారు కాసుని చదవడానికి ఒక వరస ఉంది.

ముందు, తోమకండి. పని నేర్చుకునే రోజుల్లో ఒక పాత కాసుని బఫింగ్ చక్రం మీద పెట్టాను. చెవి పక్క జుట్టు గీతలన్నీ అణిగిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు. భూమిలో దొరికితే మట్టితోనే ఉంచండి. కలెక్టరుకి చెప్పాలి, 1878 నుంచి చట్టం అదే.

తర్వాత తూకం. రోము మొదటి చక్రవర్తి అగస్టస్ కాసు దాదాపు మన సవరనంత, 8 గ్రాములకు కాస్త తక్కువ. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దాన్ని 7.3 గ్రాముల దాకా తగ్గించాడు. అంచు కూడా చూడండి. చుట్టూ అతుకు గీత, ఒంటి మీద సన్నటి గుంటలు ఉంటే పోత పోసిందేమోనని అనుమానించాలి. అసలువి అచ్చు మీద సుత్తితో కొట్టినవి.

ఇక బొమ్మ వైపు. తల చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాల్లో 'యు' రావలసిన చోట 'వి' ఉంటుంది. 'ఏ వి జి' అంటే అగస్టస్. అది మొదటి చక్రవర్తి పేరే అయినా తర్వాతివాళ్లకి బిరుదైంది, కాబట్టి అక్కడే ఆగిపోకూడదు. 'టి ఆర్ పి' పక్కన అంకె ఉంటే, ఆ చక్రవర్తి ట్రిబ్యూన్ (రోములో ప్రజల తరఫు పదవి) అధికారం చేపట్టి ఎన్నో ఏడో అది చెప్తుంది. కాసు వయసు అక్కడే దొరుకుతుంది.

బొరుసు వైపు చేతిలో ఏముందో చూడండి. త్రాసు ఉంటే న్యాయం, చుక్కాని ఉంటే అదృష్టదేవత, రెక్కలుంటే విజయం. కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో కొమ్మ ఉంటే చాలావరకు టైబీరియస్ చక్రవర్తిది. వెస్పేసియన్ చక్రవర్తి కాసు ఒకదాని మీద కాడి కట్టిన ఎడ్ల జత ఉంటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మొహం మీద ఉలి గాటు కనిపిస్తే పాడైందనుకోవద్దు. 1898లో తమిళనాడు వైపు పుదుక్కోట్టైలో దొరికిన 501 రోము కాసుల్లో ఎక్కువ వాటికి గాట్లున్నాయి. బంగారం పరీక్షకైతే మేం అంచు దగ్గర చూస్తాం, తల మీద కొట్టం. అందుకే అది కావాలని బొమ్మని కొట్టినదే అని నా నమ్మకం.

కొన్నిటికి తల పైన రెండు కన్నాలుంటాయి, మెడలో వేసుకోవడానికి. మొహం నిటారుగా నిలవాలనే అక్కడ పొడిచారు. కాసుకి కొంకి అతికేటప్పుడు లక్ష్మి తల ఎటుందో నేనూ అలాగే చూసుకుంటాను.