వేసవి ప్రయాణానికి ముందు పాత మోటార్‌హోమ్ అడుగుభాగం: జాగ్రత్తలు

అమెరికాలో మెమోరియల్ డేతో (మే నెల చివరి సోమవారం) ప్రయాణాల కాలం మొదలవుతుంది కనుక, చలికాలమంతా కదలని మోటార్‌హోమ్‌ను, అంటే ఇల్లులా వాడుకునే బండిని, తీసేముందు ఇవి చూసుకోవాలి.

లెవెలింగ్ జాకీలను నమ్మి ఎన్నడూ బండి కిందికి దూరకండి. అవి వంపు సరిచేయడానికే ఉన్నవి, హైడ్రాలిక్ గొట్టం పగిలితే టన్నుల బరువు ఒక్కసారిగా దిగిపోతుంది. తగిన సామర్థ్యమున్న స్టాండ్లు పెట్టాకే పని మొదలుపెట్టాలి.

టైరు గాడులు నిండుగా ఉన్నాయని మోసపోవద్దు: పక్కగోడపై డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ) సంకేతం చివర 2318 అని ఉంటే అది 2018లో 23వ వారపు తయారీ, వాడకపోయినా రబ్బరు పెళుసవుతుంది. జంట చక్రాల్లో లోపలి టైరును టార్చితో చూడాలి.

బ్రేకు ద్రవం తేమను పీల్చుకుంటుంది, పాతబడినది కొండ దిగేటప్పుడు వేడికి మరిగి బ్రేకులు పట్టకపోవచ్చు.

మిషిగన్ వంటి, శీతాకాలంలో రోడ్లపై ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బండైతే ఛాసిస్‌ను (అడుగు చట్రాన్ని) సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమనకుండా తుప్పు పొలుసులు రాలితే వెల్డరుకు చూపించాలి. కొత్తగా నల్లరంగు పూసి ఉన్నచోట మరింత అనుమానించాలి.