లోతైన పొడి మంచులో స్నోమొబైల్ మాట వినకపోతే: సస్పెన్షన్ సమస్యలు, పరిష్కారాలు

గట్టిపడిన దారి మీద చక్కగా నడిచిన స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనక ట్రాక్ అనే తిరిగే పట్టీతో మంచు మీద నడిచే బండి), రాకీ పర్వతాల్లో నడుములోతు పొడి మంచులోకి దిగగానే వేరే బండిలా ప్రవర్తిస్తుంది. గుంత తవ్వుకుని కూర్చుంటుంది, ముక్కు పైకెత్తుతుంది, లేదా హ్యాండిల్ తిప్పినా నేరుగానే పోతుంది. ఇలా జరిగితే చాలామంది ముందుగా స్కీలను అనుమానిస్తారు. అసలు కారణం ఎక్కువసార్లు ట్రాక్ లోపలే ఉంటుంది.

ట్రాక్ లోపలి చట్రాన్ని స్కిడ్ అంటారు. అందులో ముందు ఒక షాక్ (కుదుపులను తగ్గించే షాక్ అబ్జార్బర్), వెనక ఒక షాక్ ఉంటాయి. ముందుదాన్ని సెంటర్ షాక్ అని కూడా పిలుస్తారు. స్కీలకు ఒక్కోటి చొప్పున మరో రెండు షాక్‌లు. స్కిడ్ ముందు భాగం ఎంతవరకు కిందికి దిగవచ్చో నిర్ణయించేది లిమిటర్ స్ట్రాప్ అనే పట్టీ. థ్రాటిల్ ఇచ్చినప్పుడు బరువు స్కీల మీద నుంచి ట్రాక్ వెనక భాగానికి మారుతుంది. ఎంత మారితే ట్రాక్ ముందు భాగం అంత నిటారుగా మంచును ఢీకొంటుంది. దీన్నే ఎటాక్ యాంగిల్ అంటారు. కోణం తక్కువైతే ట్రాక్ మంచు మీదికెక్కి తేలుతుంది, ఎక్కువైతే తవ్వుతుంది. కింద చెప్పే మార్పుల్లో చాలావరకు ఈ కోణాన్ని మార్చేవే.

దేన్నైనా తిప్పే ముందు

మొదట ఇప్పుడున్న సెట్టింగులు రాసి పెట్టుకోండి: స్ట్రాప్ ఏ రంధ్రంలో ఉంది, స్ప్రింగ్‌ను బిగించే కాలర్ పైన ఎన్ని మరలు కనిపిస్తున్నాయి, గాలి షాకుల్లో (స్ప్రింగ్‌కు బదులు గాలి నింపినవి) పీడనం ఎంత, క్లిక్కర్లు (షాక్ గట్టిదనాన్ని మార్చే పిడులు) ఎన్ని క్లిక్కుల దగ్గర ఉన్నాయి. క్లిక్కర్‌ను సవ్యదిశలో మెల్లగా ఆగేదాకా తిప్పుతూ లెక్కపెట్టి, మళ్ళీ అన్నే వెనక్కి తిప్పాలి. ఆగిన చోట బలవంతం చేస్తే లోపలి సూది పాడవుతుంది.

తర్వాత శాగ్ కొలవాలి. వెనక బంపర్ పట్టుకుని స్కిడ్ పూర్తిగా సాగేదాకా పైకెత్తి, నేల నుంచి బంపర్ దాకా ఎత్తు కొలవండి. ఇప్పుడు హెల్మెట్, బూట్లు, అవలాంచ్ (మంచు చరియల) రక్షణ బ్యాగు, పార, నీళ్ళు అన్నీ వేసుకుని, నడిపేటప్పుడు నిలబడే చోటే నిలబడి, ఒకట్రెండు సార్లు మెల్లగా ఊగి ఆగండి. రెండోవారు మళ్ళీ కొలవాలి. రెండు కొలతల తేడాయే శాగ్. సామాను బరువు తేలిగ్గా పది పన్నెండు కిలోలు ఉంటుంది కాబట్టి ఇంటి బట్టల్లో కొలిస్తే లెక్క తప్పుతుంది. కొండ బండ్లకు 75 నుంచి 100 మిల్లీమీటర్లు మంచి మొదలు. మీ మోడల్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే సరైనది.

శాగ్ ఎక్కువగా ఉంటే వెనక స్ప్రింగ్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే బిగించి ఉంచే మోతాదు) పెంచాలి. టార్షన్ (మెలితిరిగే) స్ప్రింగ్ ఉన్న బండ్లలో స్ప్రింగ్ కాలు ఆనే క్యామ్‌ను రెంచితో ఒక మెట్టు తిప్పితే సరి. క్యామ్‌ను ఎప్పుడూ తక్కువ నుంచి ఎక్కువకు మెట్టు మెట్టుగానే తీసుకెళ్ళాలి, కుడి ఎడమలు ఒకే మెట్టులో ఉండాలి. కాయిల్ స్ప్రింగ్ కాలర్ చివరిదాకా బిగించినా శాగ్ తగ్గకపోతే ఆ స్ప్రింగ్ మీ బరువుకు మెత్తన. దాన్ని మార్చాల్సిందే, ఇంకా బిగించి లాభం లేదు. పూర్తిగా వదులు చేశాక స్ప్రింగ్ చేతికి గలగలలాడితే, కనీసం అది కదలనంత ప్రీలోడ్ ఇవ్వాలి.

ఒకసారికి ఒక్కటే మార్చండి, అదే వాలు మీద అదే వేగంతో మళ్ళీ నడిపి చూడండి. పరీక్షకు 25 డిగ్రీల కన్నా తక్కువ వాలున్న మైదానం, అదీ పైన నిటారు వాలు లేని చోటు ఎంచుకోవాలి. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. షాక్ సర్దుబాటు కోసం అక్కడికి వెళ్ళనక్కర్లేదు. బయల్దేరగానే తీర్పు చెప్పకండి కూడా: చలికి షాక్ ఆయిల్ చిక్కబడి మొదటి పది పదిహేను నిమిషాలు అన్నీ బిగుసుగానే అనిపిస్తాయి.

సమస్య: ట్రాక్ గుంత తవ్వి కూరుకుపోవడం

ఇది అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది. వాషింగ్టన్ వైపు కాస్కేడ్ కొండల బరువైన తడి మంచులో అంతగా బయటపడని లోపం, వ్యోమింగ్, మోంటానా, ఇడహోల పలచని పొడి మంచులో వెంటనే బయటపడుతుంది.

ముందు గుర్తులు చదవండి. బండి దిగి పక్కనుంచి చూస్తే, బయల్దేరిన చోటే గుంత బాగా లోతుగా ఉండి స్కీల జాడలు ముందు పలచగా ఉంటే, బరువు మరీ వెనక్కి పోతోందని అర్థం. గుంత మరీ లోతు కాకుండా స్కీల ముందు మాత్రం మంచు కుప్పగా నెట్టుకుపోయి ఉంటే సమస్య దీనికి వ్యతిరేకమైనది. దాని సంగతి తర్వాత చూద్దాం.

మొదటి కారణం శాగ్ ఎక్కువ కావడం. వెనక భాగం కిందికి కూర్చుంటే ముందు భాగం లేస్తుంది, కోణం పెరుగుతుంది. ఇది పైన చెప్పినట్టు సరిచేశాక కూడా తవ్వుతుంటే లిమిటర్ స్ట్రాప్ చూడాలి. స్ట్రాప్ పొడవుగా వదిలితే స్కిడ్ ముందు భాగం బాగా కిందికి దిగి, బండి ముక్కును పైకి తోస్తుంది. ఒక్క రంధ్రం బిగించండి. స్కిడ్ ముందు చేయి, రైలు (స్కిడ్ అడుగున ట్రాక్ ఆనే పొడవాటి కమ్మీ) చుట్టూ ఒక రాచెట్ పట్టీ వేసి స్కిడ్‌ను నొక్కి, స్ట్రాప్‌పై ఒత్తిడి పోయాక బోల్టు తేలిగ్గా వస్తుంది. ఒత్తిడి ఉండగా సుత్తితో కొట్టి తీస్తే మర చెడిపోతుంది. రెండు స్ట్రాపులుంటే రెండూ ఒకే రంధ్రంలోకి రావాలి. స్ట్రాప్ పొడవు మారితే ట్రాక్ బిగువు కూడా మారుతుంది కాబట్టి దాన్ని తప్పకుండా మళ్ళీ కొలవండి. ఈ ఆఖరి పని మర్చిపోతే ట్రాక్ డ్రైవర్ల (దాన్ని తిప్పే పళ్ళ చక్రాల) మీద పళ్ళు జారి టకటక చప్పుడు చేస్తుంది, లేదా మరీ బిగిసి బండి వేగాన్ని తినేస్తుంది.

ఇంకా తవ్వుతుంటే సెంటర్ షాక్ ప్రీలోడ్ తగ్గించాలి. ఇక్కడ చాలామంది ఉల్టాగా చేస్తారు: ముందు కుంగిపోతోందనుకుని సెంటర్ స్ప్రింగ్ బిగిస్తారు. బిగిసిన సెంటర్ స్ప్రింగ్ ఇరుసులా పనిచేసి, బండి దాని మీదుగా వెనక్కి వాలుతుంది. మెత్తగా ఉంటే స్కిడ్ ముందు భాగం మంచు ఒత్తిడికి లోపలికి ముడుచుకుని ట్రాక్ చదునుగా పరుచుకుంటుంది. కాలర్‌ను ఒక చుట్టు చొప్పున వదలండి. లోతు మంచుకు సెంటర్ మెత్తగా, వెనక గట్టిగా ఉండటమే మేలు. కానీ సెంటర్ మరీ మెత్తనైతే దారి మీది గతుకుల్లో అది ఠక్కున అడుగు తాకుతుంది.

సస్పెన్షన్‌తో సంబంధం లేని రెండు కారణాలు కూడా గుంతకే దారితీస్తాయి. ఒకటి బొటనవేలు: నిలిచిన చోటే థ్రాటిల్ ఒక్కసారిగా నొక్కితే ఏ సెట్టింగూ కాపాడదు. రెండోది ఎత్తు. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. సముద్రమట్టం దగ్గరి క్లచ్ సెట్టింగుతో 9,000 అడుగుల మీద నడిపితే ఇంజిన్ ఆర్‌పీఎమ్ అందుకోదు, ట్రాక్ వేగం చాలక మంచు మీదికి లేవదు. ఆర్‌పీఎమ్ తక్కువగా ఉంటే స్ట్రాప్ జోలికి పోకుండా ముందు క్లచ్ చూడండి.

సమస్య: వాలు ఎక్కేటప్పుడు స్కీలు గాల్లోకి లేవడం, దిశ చేయిదాటడం

కారణాలు పైవే, మోతాదు తేడా అంతే. ఇక్కడ స్ట్రాప్ మొదట, వెనక షాక్ కంప్రెషన్ (షాక్ నొక్కుకునేటప్పటి నిరోధం) తర్వాత. కంప్రెషన్‌ను రెండు క్లిక్కులు పెంచితే బరువు వెనక్కి మారే వేగం తగ్గుతుంది. ఎంత మారాలన్నది నిర్ణయించేది మాత్రం స్ప్రింగ్, స్ట్రాప్. అందుకే క్లిక్కర్లతో శాగ్ లోపాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం ఫలించదు.

వాలు ఎక్కేటప్పుడు స్కీలు కాస్త తేలికవడం తప్పు కాదు. అరచేయి ఎత్తు లేచి మళ్ళీ దిగితే వదిలేయండి. పూర్తిగా అణిచేస్తే కింది సమస్య కొనితెచ్చుకున్నట్టే.

సమస్య: ముక్కు మంచులోకి దూరడం, హ్యాండిల్ బరువెక్కడం

గుంతల భయంతో స్ట్రాప్‌ను చివరి రంధ్రం దాకా బిగించిన బండ్ల లక్షణమిది. బరువంతా స్కీల మీదే ఉండిపోయి, అవి తేలకుండా మంచును దున్నుతాయి. స్ట్రాప్ ఒక రంధ్రం వదలండి. చాలకపోతే సెంటర్ ప్రీలోడ్ ఒక చుట్టు పెంచండి. వెనక ప్రీలోడ్ మరీ ఎక్కువైతే కూడా ఇదే ఫలితం, అప్పుడు శాగ్ 50 మిల్లీమీటర్ల లోపలికి వచ్చి ఉంటుంది.  

స్కీ షాకులు మెత్తనై ముక్కు కిందికి వాలినా బండి ఇలాగే దున్నుతుంది. చదును నేల మీద ఆపి పక్కనుంచి చూస్తే రన్నింగ్ బోర్డులు ముందుకు వాలి ఉంటాయి.

సమస్య: కొండ పక్కవాలు మీద నిలవకుండా కిందికి జారడం

పక్కవాలు మీద బండిని కొండవైపు స్కీ మీదికి వంచి పట్టుకోవాలి. వంగనంటే స్కీ షాకులు గట్టిగా ఉన్నట్టు. గాలి షాకులైతే రెండువైపులా పీడనం 5 పీఎస్ఐ చొప్పున తగ్గించండి, కాయిల్ అయితే కాలర్ రెండు చుట్లు వదలండి. స్వే బార్ (రెండు స్కీల సస్పెన్షన్‌ను కలిపి వాలకుండా ఆపే కడ్డీ) ఉన్న బండిలో దాని లింకులు విప్పేస్తే తేడా తక్షణం తెలుస్తుంది, కొండ బండ్లు చాలావాటికి అది అసలే ఉండదు. స్కీల మధ్య దూరాన్ని మార్చే స్పేసర్లు ఉంటే ఇరుకు స్థానం మేలు. స్కీ-డూ టీమోషన్, ఆర్కిటిక్ క్యాట్ ఆల్ఫా వన్ స్కిడ్‌లు సులువుగా వంగేలా చేసినవి. వాటి మీద కూడా ముందు షాకులు గట్టిగా బిగిస్తే ఆ సౌకర్యం వృథా.

ఒకవైపు సులువుగా, రెండోవైపు కష్టంగా వంగితే, కుడి ఎడమల పీడనం ఒకటేనా చూడండి. సమానంగానే ఉంటే ఏ-ఆర్మ్ (స్కీని బండికి కలిపే చేయి) వంగిందేమో పరీక్షించాలి.

సమస్య: నిన్న బాగుంది, ఇవాళ మెత్తబడింది

గాలి షాకుల్లో ఇది లోపం కాకపోవచ్చు. 20 డిగ్రీల వెచ్చని గ్యారేజీలో 60 పీఎస్ఐ నింపిన షాక్, మైనస్ 20 డిగ్రీల చలిలో సుమారు 50 పీఎస్ఐ మాత్రమే చూపుతుంది. 5 పీఎస్ఐ తేడాకే బండి గుణం మారుతుంది కనుక ఇది పెద్ద పతనం. బండిని బయట కనీసం గంటసేపు ఉంచి, స్కీలు నేల తాకకుండా ఎత్తి, షాక్ పంపుతో నింపండి. పెట్రోల్ బంకు కంప్రెసర్ పనికిరాదు: షాక్‌లో గాలి గది చాలా చిన్నది, క్షణంలో హద్దు దాటుతుంది. పంపు తగిలించగానే కొంత గాలి గొట్టంలోకి పోయి ముల్లు తక్కువ చూపుతుంది, దాన్ని లీకని పొరబడకండి. వారానికి వారం నిజంగా తగ్గుతుంటే సీలు పోయింది. షాఫ్ట్ మీద నూనె పొర కనిపిస్తే ఏ రకం షాక్ అయినా సర్వీసుకు పంపాలి, క్లిక్కర్లు తిప్పి ప్రయోజనం లేదు.

సమస్య: గతుకుల వరుసలో వెనక భాగం ఎగిరిపడటం

ప్రతి గతుకుకూ సీటు వీపున తన్నితే రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగడం) వేగం ఎక్కువ, ఒకట్రెండు క్లిక్కులు బిగించండి. మొదటి రెండు గతుకులు బాగుండి ఆ తర్వాత వెనక భాగం కుంగుతూ గట్టిపడుతూ పోతే రీబౌండ్ మరీ నెమ్మది, షాక్ తిరిగి సాగే లోపే తర్వాతి గతుకు వస్తోంది. వదలండి.

సమస్య: ఏం మార్చినా తేడా కనిపించకపోవడం

స్కిడ్ కదలడం లేదేమో చూడండి. బంపర్ ఎత్తి వదిలితే మెల్లగా, ఆగకుండా దిగాలి. మధ్యలో పట్టేస్తే స్కిడ్ కీళ్ళలోని బుష్‌లు ఎండిపోయాయి. సీజన్‌లో కొన్నిసార్లు చలికి గడ్డకట్టని గ్రీజు ప్రతి నిపిల్‌కూ పట్టించాలి. సీజన్ మొదట్లో షాకులు విప్పి, స్కిడ్ చేతులు వాటంతట అవే కిందికి పడుతున్నాయా అని చూస్తే ఇంకా మంచిది.

రెండో అనుమానం మంచుగడ్డ. సాయంత్రం తడిసిన స్కిడ్ రాత్రంతా గడ్డకడితే స్ట్రాప్, స్ప్రింగ్ చుట్ల మధ్య రాయిలా బిగుస్తుంది, ట్రాక్ తిరిగినా స్కిడ్ ముడుచుకోదు. దిగగానే మెత్తని రబ్బరు సుత్తితో తట్టి మంచు రాల్చండి, రాత్రి బండి వెనక భాగాన్ని స్టాండ్ మీద ఎత్తి ఉంచండి. పొద్దున వేడినీళ్ళు పోస్తే అవి మళ్ళీ గడ్డకట్టి పరిస్థితి ఇంకా చెడుతుంది. వెస్ట్ యెల్లోస్టోన్, రెవెల్‌స్టోక్ లాంటి చోట్ల అద్దెకు తీసుకున్న బండిలో ఇలా జరిగితే మంచు మాత్రం రాల్చుకోండి. గాలి పీడనం, స్ట్రాప్ ముట్టుకునే ముందు యజమానిని అడగాలి.