చర్చి కట్టడాన్ని చదవడం – 4వ పాఠం: బలిపీఠం చుట్టూ

పోయిన పాఠంలో జనం కూర్చునే పొడవాటి హాలు ప్లాను గీశారు కదా. ఇప్పుడు అదే కాగితం మీద తూర్పు కొస పూర్తి చేద్దాం. పాత సంప్రదాయంలో బలిపీఠం, అంటే పూజ జరిగే బల్ల, తూర్పున ఉండాలి. మన ఊళ్లలో రోడ్డును బట్టి స్థలం, స్థలాన్ని బట్టి చర్చి! పడమరకు తిరిగినా సరే, పుస్తకాలు ఆ కొసను ‘తూర్పు’ అనే పిలుస్తాయి. కంగారు పడకండి.

లోపలికి వెళ్లగానే చూపు బలిపీఠం మీదికే పోతుంది. మీరు మాత్రం ముందు నేల చూడండి. నేల ఎక్కడ ఒక మెట్టు లేచిందో అక్కడ గీత గీయండి. ఎర్ర కార్పెట్టూ మైకు స్టాండ్లూ పూలకుండీలూ మెట్లను కప్పేస్తాయి, కాలితో తడిమి చూసుకోవాలి.

తర్వాత బలిపీఠం ముందుండే రెయిలింగ్. గుంటూరులో 1842లో మిషనరీ హయ్యర్ దొర మొదలుపెట్టిన లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) సంప్రదాయంలో దాని దగ్గర మోకరించి ప్రభు భోజన సంస్కారం తీసుకోవడం ఇప్పటికీ చూడొచ్చు. ఇంగ్లండులో 1636లో నార్విచ్ బిషప్ మాథ్యూ రెన్ ఈ రెయిలింగ్ గజం ఎత్తుండాలనీ, కుక్కలు దూరకుండా కమ్మీలు దగ్గరదగ్గరగా ఉండాలనీ ఆదేశించాడు. పవిత్రత సంగతి అలా ఉంచితే, ముందు కుక్కల బెడద తీరాలిగా! కొన్ని చర్చిల్లో రెయిలింగ్ పీకేసి ఉంటారు. నేలలో సమదూరంలో సిమెంటు పూడ్చిన గుంటల వరుస కనబడితే అదే దాని జాడ. చుక్కల గీతతో చూపించండి.

ఇక అసలు కొలత. బలిపీఠానికీ వెనక గోడకీ మధ్య మనిషి నడిచేంత ఖాళీ ఉందా? గోడకు ఆనుకుని ఉంటే, ఫాదర్ కూడా జనంలాగే బలిపీఠం వైపు తిరిగి పూజ చేసిన కాలం నాటిదని అనుకోవచ్చు. కేథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ జరుగుతుండగానే, 1964లో వచ్చిన సూచనలు బలిపీఠాన్ని గోడకు దూరంగా, జనానికి ఎదురుగా నిలబడి పూజ చేసేలా కట్టమన్నాయి. దాంతో చాలాచోట్ల పాతదాన్ని కదపకుండా దాని ముందు కొత్త బల్ల వేశారు. అలాంటప్పుడు ప్లానులో రెండూ గీయాలి. వాడుకలో లేదు కదా అని పాతదాన్ని వదిలేస్తే ఆ గది కథ సగం పోయినట్టే.

పుల్పిట్ (ప్రసంగ వేదిక), బాప్తిస్మపు తొట్టి ఎక్కడున్నాయో గుర్తు పెడితే చాలు. బాప్టిస్టు చర్చిలో పుల్పిట్ నడిమధ్యన ఉంటే ఆశ్చర్యపోకండి, అక్కడ బైబిలు వాక్యానిదే పెద్దపీట.

కేథలిక్ చర్చిలో చిన్న పెట్టె దగ్గర దీపం వెలుగుతుంటే అందులో దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రతిష్ఠించిన అప్పం, ఉందని అర్థం. టేపు పట్టుకుని చొరవగా మెట్లెక్కకండి. ఫాదర్ గారినో, పాస్టరు గారినో అడిగి, చెప్పులు బయట వదిలి వెళ్లండి.

ఈ వారం అభ్యాసానికి ఒక కేథలిక్ చర్చీ, ఒక లూథరన్ లేదా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చీ ఎంచుకుని ఒకే స్కేలులో రెండు ప్లాన్లు గీయండి. గుణదల వెళ్లేవాళ్లు ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాల రోజులు తప్పించండి. ఆ జనంలో మెట్టు కాదు కదా, మీ కాలే మీకు కనబడదు.