మూగజీవాల సేవలో కరుణ అడుగంటినప్పుడు ఏం చేయాలి

గత వర్షాకాలంలో మా బెంగళూరు ఇంటి బాత్రూములో నాలుగు కుక్కపిల్లలు ఉండేవి. మారతహళ్లిలో రోడ్డు పక్కన దొరికిన ఆ పిల్లలకు రెండో రోజే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు బయటపడింది. బట్టలు తగిలించే కొక్కేనికి సెలైన్ సీసా కట్టి, చుక్క పడుతోందో లేదో గంటకోసారి లేచి చూస్తూ ఐదు రాత్రులు గడిపాను. మూడు పోయాయి. నాలుగోది ఆరో రోజు పొద్దున నా పాదం దగ్గరికి వచ్చి తోక ఊపితే నాకు సంతోషం కలగలేదు; ఇంకా నేల కడగాలి కదా అని మాత్రమే అనిపించింది.

ఈ మొద్దుబారిన స్థితిని కంపాషన్ ఫెటీగ్ అంటారు. మనం కరుణాలసట అనుకుందాం. 1992లో అమెరికాలో నర్సుల గురించి వచ్చిన ఒక వ్యాసంతో వైద్యరంగంలో వాడుకకు వచ్చిన ఈ మాటను ఇప్పుడు పశువైద్యులకు, షెల్టర్ సిబ్బందికి, మనలా వీధికుక్కలను చూసుకునేవారికి కూడా అన్వయిస్తున్నారు. పని భారం వల్ల మెల్లగా పేరుకునే బర్నౌట్‌కూ దీనికీ తేడా ఉంది. ఇది ఎదుటి ప్రాణి బాధను పదేపదే కళ్లారా చూడటం వల్ల వస్తుంది కనుక, రెండు రోజులు మైసూరు వెళ్లి వచ్చినంత మాత్రాన పోదు.

ముందుగా మీ స్థితిని మీరే కొలుచుకోండి. ప్రోక్వాల్ అనే 30 ప్రశ్నల పట్టిక ఉచితంగానే దొరుకుతుంది. గడచిన 30 రోజుల్లో ఏది ఎంత తరచుగా అనిపించిందో 1 నుంచి 5 వరకు అంకె వేయాలి. అది రోగనిర్ధారణ కాదు. అయినా సేవలో దొరికే తృప్తి, బర్నౌట్, పరుల బాధ వల్ల కలిగే ఒత్తిడి అనే మూడింటినీ విడివిడిగా చూపుతుంది. తృప్తి అంకె పడిపోతోందంటే కింది పనులను వాయిదా వేయవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎన్ని కేసులు తీసుకోగలరో ఫోను మోగకముందే నిర్ణయించుకోవడం. మోగిన తరువాత నిర్ణయించుకోలేరు. "అక్కా, ఒక్కటే, రెండ్రోజులు ఉంచుకోండి చాలు" అనే గొంతు వినగానే మన లెక్కలన్నీ తారుమారవుతాయి. అందుకే నా జవాబును కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అతికించుకున్నాను: "నా దగ్గర చోటు లేదు తమ్ముడూ. ఆటో డబ్బులు నేను పంపుతాను, హెబ్బాళ పశువైద్య కళాశాలకు నువ్వు తీసుకెళ్లు, దారిలో ఏమైనా సందేహం వస్తే ఫోను చెయ్యి." కాదనడంతో పాటు ఏదో ఒక చిన్న సాయం చేస్తే అపరాధభావం చాలావరకు తగ్గుతుందని నా అనుభవం. పార్వో వచ్చిన ఇంట్లో వైరస్ నెలల తరబడి నిలిచి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు కనుక, టీకా వేయని పిల్లను అక్కడికి తేకపోవడమే దానికి మేలు. విచిత్రమేమిటంటే, నా కోసం చెప్పలేని "వద్దు" అనే మాటను ఆ వైరస్ పేరు చెప్పి సులువుగా అనగలిగాను.

ఫొటోల విషయంలోనూ కట్టడి కావాలి. పురుగులు పట్టిన పుండు ఫొటోను ఇరవై గ్రూపుల్లో చూసినందువల్ల ఆ కుక్కకు ఒరిగేదేమీ లేదు. ముందుగా ఎక్కడ, ఏమైంది, ఇప్పుడు దగ్గర ఎవరున్నారు అనే మూడు సంగతులు మాటల్లో రాయమనండి. ఫొటోను డాక్టరుకు మాత్రమే పంపమనండి.

అన్నిటికంటే లోతుగా కోసేది కారుణ్య మరణ నిర్ణయం. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ముదిరి కాళ్లు కొట్టుకుంటున్న కుక్క విషయంలో డాక్టరు "మీరేమంటారు" అని అడిగినప్పుడు ఒంటరిగా "సరే" అన్నవారికి ఆ మాట ఏళ్ల తరబడి చెవిలో మోగుతుంది. వైద్యపరమైన నిర్ణయం డాక్టరుదేనని ఆయనతోనే స్పష్టంగా చెప్పించుకోండి. నొప్పి మందులకు తగ్గుతోందా, తనంతట తాను తింటోందా, కోలుకునే అవకాశం ఉందా అని అడిగి, విన్న జవాబులను తేదీతో రాసుకోండి. మీతో ఇంకొకరు ఉండాలి. ఒక కుక్కకు కారుణ్య మరణం ఇచ్చేటప్పుడు మరో కుక్క ఎదుట ఆ పని చేయకూడదని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. పక్కన నిలబడ్డ మనిషి గురించి మాత్రం ఏ నియమమూ లేదు. కాబట్టి ఆ నియమం మనమే పెట్టుకోవాలి: ఆ రోజు మరో కేసు చూడకూడదు, ఇంటికి వెళ్లి స్నానం చేసి భోజనం చేయాలి.

నిద్ర, తిండి, నడక సంగతి అందరికీ తెలిసిందే. డబ్బు సంగతే ఎవరూ మాట్లాడరు. క్లినిక్‌లో పేరుకున్న బాకీ కూడా కరుణను తినేస్తుంది కనుక నెలకు ఇంత అని విడిగా ఒక ఖాతాలో వేసి, అది అయిపోతే చందా అడగాలి తప్ప క్రెడిట్ కార్డు తీయకూడదు.

నిద్ర పట్టకపోయినా, అవే దృశ్యాలు కళ్లముందు తిరుగుతున్నా, బతకడం వృథా అనిపించినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ; ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ సేవకు జాతీయ స్థాయిలో కేంద్రంగా ఉన్న నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ మన బెంగళూరులోనే ఉంది.

ఒక నెల పూర్తిగా తప్పుకోవలసి వస్తే, ఉన్నపళంగా మానేయకుండా మీ వీధి పట్టికను పక్కవారికి అప్పగించండి. ఏ కుక్క చెవికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గుర్తుగా కోత ఉంది, దేనికి రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, ఏది ఎక్కడ పడుకుంటుంది అన్నీ అందులో ఉండాలి. నేను అప్పగించిన కాగితంలో ఒక పంక్తి ఇలా ఉంది: "నల్లది, కుడి చెవికి కోత, టీ కొట్టు వెనక. తినేటప్పుడు గిన్నె ముట్టుకోవద్దు. తిన్నాక తనే వచ్చి వీపు ఆనిస్తుంది."