సిరోంచ ఎండలో అతుకు విల్లు చేయడం

విల్లు చేద్దామనుకునేవాళ్ళంతా ముందు కర్ర గురించే అడుగుతారు. మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులో ఉన్న మన సిరోంచ వైపు కర్రకి కరువు లేదు, వెదురు బద్దని కర్రకి జిగురుతో అతికించి చేసే ఈ విల్లులో అసలు పనంతా అతుకులో ఉంది.

వెదురు మేదరి వాళ్ళ దగ్గర కొనండి, మూడేళ్ళు దాటి చలికాలంలో కొట్టిన బొంగు కావాలని చెప్పి మరీ అడగండి, లేత బొంగుకి పురుగు పట్టి పొడి రాలిపోతుంది. నీడన బాగా ఆరాక 175 సెం.మీ. పొడవు, 35 మి.మీ. వెడల్పున బద్ద చీల్చి, లోపలి వైపు మాత్రమే చిత్రిక పట్టి, మధ్యలో 4 మి.మీ., కొసల్లో 3 మి.మీ. మందానికి తేవాలి. పైతోలు జోలికి వెళ్ళొద్దు. విల్లు లాగినప్పుడు సాగేది వీపు, అంటే బాణం వేసేవాడికి అవతలి వైపు, ఆ లాగుడిని మోసేది పైతోలు కింద దట్టంగా ఉండే నారలే, అందుకే కణుపుల్ని కూడా చెక్కకుండా శాండ్ పేపర్‌తో కాస్త నున్నగా చేస్తే చాలు. పొట్ట వైపుకి, అంటే మన వైపుండే ముఖానికి, నేను ధామన్ చెట్టు కర్ర వాడతాను, నార కొస నుంచి కొసకి తిన్నగా ఉన్న ముక్క ఏరుకుని పిడి దగ్గర 14, కొసల్లో 9 మి.మీ. ఉంచుతాను.

ఇక జిగురు. ఐదు నిమిషాల్లో బిగిసేది వద్దు, తెల్ల చెక్క జిగురు అసలే వద్దు, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ తెచ్చుకోండి. అతికే రెండు ముఖాల్నీ 60 నంబరు కాగితంతో గరుకు చేసి, థిన్నర్ గుడ్డతో తుడిచాక వేలు కూడా తగలనివ్వకండి. మే నెలలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి, మధ్యాహ్నం ఎండలో కలిపితే పూసేలోపే గట్టిపడుతుంది. లోతు గిన్నెలో కలిపినా అంతే, తన వేడికి తనే ఉడికిపోతుంది, వెడల్పు పళ్ళెంలో పల్చగా పరిచి రెండు ముఖాలకూ పూయండి. ప్లైవుడ్ అచ్చు మీద ప్లాస్టిక్ కాగితం వేసి, కొసలు వీపు వైపు ఐదు సెం.మీ. వంగేలా ఆనించి, సైకిల్ ట్యూబు పట్టీలు వరసగా చుట్టండి. మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేసి అతుకు ఎండిపోతుంది, అంచుల్లో సన్నగా పూసలా వస్తే సరిపోయినట్టే. ఒక రోజంతా కదపకండి. పిడి ముక్కని కూడా ఇలాగే తర్వాత అతికించండి.

కొసల్ని 12 మి.మీ.కి సన్నం చేసి, గుండ్రటి ఆకురాయితో నారికి గాడి కోశాక, గోడకి బిగించిన కర్ర మీద పెట్టి తాడుతో కిందికి లాగండి, మధ్యలో స్ప్రింగు కాటా కట్టండి. 16 కిలోల విల్లు, అంటే పూర్తిగా లాగడానికి 16 కిలోల బలం పట్టేది, కావాలంటే కాటా ఎప్పుడూ 16 దాటకూడదు, 71 సెం.మీ. లాగుడు వచ్చేదాకా ఓపికగా పొట్ట వైపే గీకుతూ పోవాలి. వంగని చోట గీకండి, ఎక్కువ వంగిన చోటుని ముట్టుకోకుండా దాని అటూ ఇటూ గీకండి, గీకిన ప్రతిసారీ పాతిక సార్లు కొద్దికొద్దిగా లాగితేనే కర్ర నిజం చెబుతుంది. పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒకేలా వంగేదాకా పూర్తిగా లాగాలని తొందరపడకండి.

బాణం లేకుండా నారి ఎప్పుడూ వదలొద్దు, ఆ దెబ్బంతా రెక్కల మీదే పడి విల్లు విరుగుతుంది. పని అయ్యాక నారి దించి, రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి, రేకుల కింద మాత్రం కాదు. నా మొదటి విల్లు రేకుల షెడ్డులో ఒక్క మధ్యాహ్నం ఉంది, సాయంత్రానికి కొస దగ్గర అతుకు విచ్చుకుని గోరు దూరేంత సందు పడింది.