కాల్ కంట్రోలర్‌ను లైన్‌కి కలిపే ముందు

ఆఫీసు ఫోన్లన్నీ సాఫ్ట్‌వేర్ కాల్ కంట్రోలర్ (ఇంటర్నెట్ ద్వారా కాల్స్ కలిపి నడిపే ప్రోగ్రామ్) మీదికి మార్చాలనుకున్నవాళ్లు చాలామంది ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్న చర్చ దగ్గరే వారాలు గడిపేస్తారు. ఆస్టరిస్క్ అయినా, ఫ్రీస్విచ్ అయినా, డబ్బు కట్టి కొన్నదైనా చిన్న, మధ్యతరహా ఆఫీసుకి సరిపోతుంది. ఆ సమయాన్ని నెట్‌వర్క్‌కీ భద్రతకీ ఇవ్వండి. దెబ్బలు తగిలేది అక్కడే.

ముందు ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయో చూసుకోవాలి. యాభైమంది ఉద్యోగులున్నారని యాభై కాల్స్ ఉండవు. పాత పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) రికార్డుల్లో బాగా రద్దీగా ఉండే గంట తీసుకుని లెక్కేయండి. మాటను డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో హెడర్లతో కలిపి ఒక కాల్‌కి ఒక్కోవైపు సెకనుకు సుమారు 87 కిలోబిట్లు పడుతుంది. ఇరవై కాల్స్‌కి రానూ పోనూ చెరో సుమారు 1.75 మెగాబిట్లు. ఇది పెద్ద లెక్కేం కాదు. కానీ అదే లైన్‌లో ఎవరో బ్యాకప్ అప్‌లోడ్ పెడితే మాట ముక్కలు ముక్కలవుతుంది. అందుకే వాయిస్ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్య గుర్తు వేయించి, రూటర్ వాటిని ముందు పంపేలా సెట్ చేయాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మాట హాయిగా సాగుతుంది. టేబుల్ ఫోన్లకు వైఫై వద్దు, కేబుల్ లాగండి.

కాల్స్ కలపడానికీ తెంపడానికీ వాడే సంకేత భాషను సిప్ అంటారు. తర్వాత రూటర్‌లో ఆ మెసేజ్‌లను మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఉందేమో చూసి ఆపేయండి. సాయం చేద్దామని పెట్టిన ఆ సౌకర్యం చాలా రూటర్లలో సిప్ మెసేజ్‌లను చెడగొడుతుంది. కాల్ చక్కగా కలిసి, ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండగా సరిగ్గా 32 సెకన్లకు కట్ అవుతుంటే సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవద్దు. కంట్రోలర్ ‘200 ఓకే’ (కాల్ ఎత్తారన్న కబురు) పంపింది, దానికి రావలసిన ‘ఏసీకే’ (అందిందన్న జవాబు) నాట్ (లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే రూటర్ పని) దగ్గర దారి తప్పింది. అర సెకను టైమర్‌కి 64 రెట్లు ఎదురుచూసి కంట్రోలర్ కాల్ తెంపేసింది. ఒకరి మాటే వినబడి రెండోవాళ్లది వినబడకపోతే, కంట్రోలర్ తన బయటి ఐపీకి బదులు 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ చెబుతోందేమో చూడండి. బయటి అడ్రస్‌ని కంట్రోలర్‌లో రాసి, మాట ప్రయాణించే ఆర్‌టీపీ పోర్టుల వరుసను ఫైర్‌వాల్‌లో తెరిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది దొంగ కాల్స్‌కి. పబ్లిక్ ఐపీ మీద సిప్ వాడే 5060 పోర్ట్ అందరికీ తెరిచి పెడితే బాట్లు (తమంతట తామే వెతికే ప్రోగ్రామ్‌లు) వచ్చి 100, 101, 1001 అంటూ ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నీ తట్టి చూస్తాయి. 101కి పాస్‌వర్డ్ కూడా 101 అయితే పని అయిపోయినట్టే. వారాంతం రాత్రి ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఖరీదైన విదేశీ నంబర్లకు వరసగా కాల్స్ వెళ్తాయి, సోమవారం దాకా ఎవరికీ తెలియదు. ఆ బిల్లు మీ పేరు మీదే వస్తుంది. పోర్ట్ నంబర్ మార్చినంత మాత్రాన రక్షణ రాదు. సిప్ పోర్ట్‌ని ట్రంక్ ప్రొవైడర్ (మీకు ఫోన్ లైన్ ఇచ్చే కంపెనీ) ఐపీలకు మాత్రమే తెరవండి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లని వీపీఎన్ అనే సురక్షిత దారి ద్వారా రమ్మనండి, పాస్‌వర్డ్‌లు యంత్రంతోనే పుట్టించండి. అవసరం లేని దేశాలకు కాల్స్ మూసేయండి. రోజువారీ ఖర్చుకి ఒక పరిమితిని ప్రొవైడర్ వైపే పెట్టించండి. మీ సర్వర్ దొంగల చేతిలోకి పోయినా ఆ హద్దు నిలుస్తుంది.

మార్చే రోజుకి ముందు పాత అనలాగ్ లైన్ల మీద ఏమేం బతుకుతున్నాయో బిల్డింగ్ అంతా తిరిగి చూడండి. లిఫ్ట్ ఫోన్, ఫైర్ అలారం, ఫ్యాక్స్, కార్డ్ మెషిన్ లాంటివి ఎవరికీ గుర్తుండవు. నంబర్ పోర్టింగ్ పూర్తయ్యేదాకా పాత కనెక్షన్ రద్దు చేయొద్దు, నంబరే పోవచ్చు. కరెంటు పోతే ఐపీ ఫోన్లు మూగబోతాయి కాబట్టి సర్వర్‌కే కాదు, స్విచ్‌కీ రూటర్‌కీ కూడా యూపీఎస్ ఉండాలి. అత్యవసర నంబర్‌కి కాల్ వెళ్తుందా, వెళ్తే సరైన చిరునామా కనబడుతుందా అన్నది ప్రొవైడర్‌తో ముందే మాట్లాడి పరీక్షించండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, మనుషుల ప్రాణాల సంగతి.

ముందు ఒక్క విభాగాన్నే మార్చండి. హోల్డ్, ట్రాన్స్‌ఫర్, ఐవీఆర్‌లో (రికార్డు గొంతు చెప్పే మెనూలో) అంకెలు నొక్కడం అన్నీ చూడండి. కనీసం ఒక కాల్‌ని అరగంట దాటేదాకా వదిలేయండి, సెషన్ టైమర్ (కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యమధ్య సరిచూసే టైమర్) తేడాలు 15 నిమిషాలకో 30 నిమిషాలకో గానీ బయటపడవు. కంట్రోలర్ పూర్తిగా పడిపోతే కాల్స్ ఏ మొబైల్‌కి మళ్లాలో ప్రొవైడర్ దగ్గర ముందే రాయించి, ఓ సాయంత్రం కంట్రోలర్‌ని మీరే ఆపి అది నిజంగా మళ్లుతుందో లేదో చూడండి.