పాట ఎక్కడ తప్పుతోంది? భజన మండళ్లకు శ్రుతి, తాళం మరమ్మతులు

వినాయక చవితి మొదలు సద్దుల బతుకమ్మ దాకా హన్మకొండ, కాజీపేట గల్లీల్లో మైకులకు తీరిక ఉండదు. పాట చెడితే నెపం గొంతు మీదికో, హార్మోనియం మీదికో పోతుంది. చాలాసార్లు తప్పు లెక్కలో ఉంటుంది.

సమస్య: పల్లవి హాయిగా వస్తుంది, చరణంలో గొంతు చీరుకుపోతుంది

కారణం: రికార్డింగులో విన్న శ్రుతికే పాడటం.

పరిష్కారం: శ్రుతిని పల్లవితో తేల్చకండి. పాటలో అన్నిటికన్నా పైకి పోయే స్వరాన్ని ముందు పట్టి, అది మూడుసార్లు ఇబ్బంది లేకుండా పలికే చోటు చూసుకొని, అక్కడి నుంచి షడ్జానికి (స) దిగండి. సాధారణంగా మగవాళ్లకు 1, 1½ చుట్టూ, ఆడవాళ్లకు 5, 5½ చుట్టూ కుదురుతుంది (హార్మోనియం మీద C నుంచి తెల్ల మెట్లు వరుసగా 1 నుంచి 7, ½ అంటే దాని పక్కన పైనున్న నల్ల మెట్టు).

సమస్య: శ్రుతి మార్చగానే హార్మోనియం మీద వేళ్లు తప్పుతున్నాయి

కారణం: మెట్ల రంగు చూసి నేర్చుకోవడం. 1 శ్రుతిలో మోహన రాగానికి ఐదూ తెల్ల మెట్లే. 2 శ్రుతికి జరిగితే గాంధారం (గ) నల్ల మెట్టు మీదికి పోతుంది. అలవాటు కొద్దీ వేలు దాని పక్కన, కిందున్న తెల్ల మెట్టు నొక్కిందంటే ‘సాధారణ గాంధారం’ అనే, ఒక మెట్టు తక్కువ గ పలుకుతుంది, మోహన కాస్తా శివరంజని అయిపోతుంది. వినేవాళ్లకు తప్పని తెలుస్తుంది గానీ ఎక్కడో చెప్పలేరు.

పరిష్కారం: దూరాలు గుర్తుపెట్టుకోండి. నల్లదైనా తెల్లదైనా పక్క మెట్టుకు ఒక అడుగు. మోహనకు షడ్జం నుంచి పై షడ్జం దాకా 2, 2, 3, 2, 3 అడుగులు. కూడితే 12 రావాలి. ఏ రాగానికి రాసుకున్నా అంతే, రాలేదంటే ఒక స్వరం తప్పు రాసినట్టే.

చెవికి పట్టాలంటే నల్ల మెట్లే వాయించి చూడండి. 4½ షడ్జంగా మొదలుపెడితే మోహన. అవే మెట్లు 5½ నుంచి మధ్యమావతి, 6½ నుంచి హిందోళం. ప్రతిసారీ శ్రుతిపెట్టెను కూడా కొత్త షడ్జానికి మార్చాలి, లేదంటే చెవి పాత మోహననే వింటుంది. పండితులు దీన్నే గ్రహభేదం అంటారు. పేరు తెలియకున్నా వేళ్లకు తెలిస్తే చాలు.

సమస్య: హార్మోనియం, కీబోర్డు కలిస్తే స్వరం ఊగుతోంది

కారణం: కీబోర్డు 440 హెర్ట్జ్ లెక్కలో ఉంటుంది, హార్మోనియంలోని పాత రీడ్లు (స్వరం పలికే లోహపు రేకులు) ఉండకపోవచ్చు. ఒకటి 440, మరొకటి 443 అయితే స్వరం సెకనుకు మూడుసార్లు ఊగుతుంది.

పరిష్కారం: ముందు కీబోర్డు ట్రాన్స్‌పోజ్ (శ్రుతి జరిపే అమరిక) సున్నా మీద ఉందో లేదో చూడండి. తర్వాత రెంటి మీదా ఒకే స్వరం పట్టి, ఊపు ఆగేదాకా కీబోర్డు ట్యూనింగును కొద్దికొద్దిగా జరపండి. రీడ్లు గీకడం మండపంలో చేసే పని కాదు.

సమస్య: ఢోలక్ ఎదురు పడుతోంది

కారణం రెండు విధాలు. ఆరు మాత్రల (తాళం లెక్కల) దాద్రా తాళం పాటకు ఎనిమిది మాత్రల కహర్వా తాళం వేయడం ఒకటి. ఇది వెంటనే తెలిసిపోతుంది. రెండోది మాయ తప్పు: పాట సమం (తాళంలో మొదటి దెబ్బ) మీద కాకుండా అర మాత్ర తర్వాత ఎత్తుకుంటుంది, ఢోలక్ వాయించేవారు మొదటి మాట వినగానే మొదటి దెబ్బ వేస్తారు. ఇక చివరిదాకా అర మాత్ర తేడా.

పరిష్కారం: వాయిద్యాలు పక్కన పెట్టి చేత్తో ఆది తాళం వేయండి. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం 8. పాడుతూ, దెబ్బ పడే అక్షరం కింద కాగితం మీద గీత గీయండి. ఆ కాగితం పాడేవారి దగ్గర కాదు, ఢోలక్ ముందు ఉండాలి. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లకు ఈ కాగితం అక్కర్లేదు. అడుగు, చప్పట్లు, మాట వాళ్లు కలిపే నేర్చుకుంటారు.